ఇంట్ల పండ్ల రసం: ఏ మిషన్ కొనాలె, అసలు కొనాలెనా
(వార్షిక మహాసభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)

2016ల జిల్లాలు వేరైనయి గాని మన పొదుపు పుస్తకాలు వేరు కాలేదు. ఈ యేడు కూడ ఒకే షామియానా కింద కూసున్నం, సంతోషం.

పొద్దుగాల నుంచి జమా ఖర్చులు విన్నరు. అప్పుల పట్టిక చదివేటప్పుడు ‘ఇంటి సామాను’ అనే పద్దు దగ్గర కొంతమంది ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. మేం గమనించినం. ఆ పద్దుల పెద్ద భాగం జ్యూసర్ మిషన్లదే. దాని గురించి మాట్లాడకుండ భోజనాలకు లేస్తే బాగుండదు.

పోయిన ఎండకాలం మన నెలవారీ మీటింగుల కాడికి ఒక బల్ల, ఒక మిషన్, ఒక బుట్టెడు క్యారెట్లు పట్టుకొని మనుషులు వచ్చిన్రు. ఎవరు, ఏ కంపెనీ అనేది ఇక్కడ అవసరం లేదు. క్యారెట్ వేస్తే ఒకదిక్కు ఎర్రటి రసం, ఇంకోదిక్కు పొడి పొడి పిప్పి వచ్చింది. సప్పుడు లేదు. చూడ ముచ్చటగ ఉండె. షుగర్ తగ్గుతది, బీపీ తగ్గుతది, మోకాళ్ల నొప్పులు పోతయని చెప్పిన్రు. ధర పద్నాలుగు వేలు, పన్నెండు కిస్తులు. ఆ గ్లాసులు అందరికంటె ముందు తాగింది మేమే, అప్పు ఫారాల మీద సంతకాలు పెట్టింది కూడ మేమే. తప్పు మొదలు మా దగ్గరనే జరిగింది, అందుకే ఈ మాటలు మేమే చెప్తున్నం.

కోరుట్ల దిక్కు ఒక అక్క, బీడీలు చుట్టే అక్క, ఆ మిషన్ కొన్నది. పెనిమిటికి షుగర్. పొద్దుగాల కాకరకాయ, క్యారెట్, బీట్‌రూట్ కలిపి రసం తీసి ఇచ్చింది. మంచిగనే ఉన్నదని ఆయన గోలీలు బంద్ చేసిండు. రెండు నెలలు గడిచినయి. కాలి వేలికి చిన్న పుండు అయింది, అది మానలేదు. దవాఖానకు పోతే షుగర్ బాగ పెరిగిందన్నరు. వేలు దక్కింది గాని చేతిల ఉన్న పైసలు పోయినయి, కిస్తు ఆగింది. నాలుగు నెలలు ఆమె సంఘంలోని మిగతా తొమ్మిది మంది తలా కొంత వేసి ఆ కిస్తు కట్టిన్రు. ఆమె పేరు చెప్పం. ఆమె ఈ సభల్నే ఉన్నది. “చెప్పుండ్రి, ఇంకొకరు ఆగుతరు” అని ఆమెనే అన్నది.

ఆ తర్వాత మేం ఊరుకోలేదు. మూడు రకాల మిషన్లు, ఒక చేతి పిండేది ఆఫీసుల పెట్టుకొని, అవే పండ్లు అన్నిట్లో వేసి చూసినం. అందుల మాకు తెలిసింది చెప్తం.

మిషన్ల పేర్లు యాభై ఉన్నయి గాని పని చేసే తీరు చూస్తే కొన్నే. మొదటిది మన అందరిండ్లల్ల ఉన్న మిక్సీ. దీని బ్లేడు నిమిషానికి పద్దెనిమిది, ఇరవై వేల చుట్లు దాక తిరుగుతది. పండును నలగ్గొడుతది అంతే, రసాన్ని వేరు చెయ్యదు. వడగట్టుడు మన పని. కొన్ని మిక్సీలకు నడుమ జాలి ఉన్న జ్యూస్ జారు వస్తది, అదుంటే వడగట్టే పని సగం తప్పుతది.

రెండోది వేగంగ తిరిగే జ్యూసర్. అడుగున చిన్న చిన్న పండ్లున్న పళ్లెం ఉంటది, చుట్టూ జాలి గిన్నె. పండును తురుముకుంటనే గిరగిర తిప్పి జాలికి కొడుతది. బట్టలుతికే మిషన్‌ల డ్రయ్యర్ నీళ్లను బయటకు ఎట్ల నెడుతదో, ఇది రసాన్ని అట్ల నెడుతది. క్యారెట్, బీట్‌రూట్, ఆపిల్ లాంటి గట్టి వాటికి మంచిది. పాలకూర, పుదీన లాంటి ఆకులు వేస్తే మాత్రం సగం ఆకు పిప్పిల్నే పోతది. నురుగు ఎక్కువ, సప్పుడు ఎక్కువ. సప్పుడు గురించి అంటే సిరిసిల్ల అక్కలు నవ్విన్రు. “సాంచాల నడుమ కండెలు చుట్టేటోళ్లం, మాకిది దోమ మోత” అన్నరు.

మూడోది మెల్లగ తిరిగేది. దుకాణంల ‘కోల్డ్ ప్రెస్’, ‘స్లో జ్యూసర్’ అంటరు. మనకు బల్ల మీద చూపించింది ఇదే. దీంట్ల బ్లేడు లేదు. పెద్ద మర ఒకటి నిమిషానికి వంద చుట్ల లోపలే తిరుగుకుంట పండును జాలికి ఒత్తి పిండుతది. మన పాత గానుగ యాదికి తెచ్చుకోండి, నూనె గింజల బదులు క్యారెట్ వేసిన్రనుకోండి, అంతే. ఆకుల నుంచి కూడ రసం వస్తది, పిప్పి పొడిగ పడుతది, కరెంటు తక్కువ కాలుతది. మిక్సీ ఐదు వందల నుంచి ఏడు వందల యాభై వాట్లయితే, ఇది రెండు వందల అటు ఇటు. కాని రోజుకు ఐదు నిమిషాలు నడిచే మిషన్‌కు కరెంటు బిల్లుల తేడా ఎంత? ఏం లేదు. కరెంటు మిగులుతదని చెప్పి అమ్మితే ఆ మాట పక్కకు పెట్టుండ్రి.

“మెల్లగ తిరుగుతది గనుక వేడి పుట్టది, విటమిన్లు పోవు” అని కూడ చెప్తరు. మిక్సీ తిరిగే అర నిమిషంల పండు ఏమంత వేడెక్కదు. మేం చెయ్యి పెట్టి చూసినం. తీసిన రసం ఎంతసేపు పెట్టి తాగుతరు అనేది దానికంటె పెద్ద సంగతి. బత్తాయి రసమైతే కొంచెంసేపు పెడితేనే చేదెక్కుతది. ఏ మిషన్‌తోని తీసినా తీసిన యాళ్లకే తాగాలె. గింజలు మిక్సీల నలిగితే ఇంక చేదు. అందుకని గింజలు తీసి, తెల్లటి తొక్క తీసి వెయ్యాలె. ఇది ఓపిక పనే.

నాలుగోది చేతితోని పిండేది. నిమ్మకాయ పిండే ఇనుప చిమటా నుంచి, బత్తాయిలు పిండే పెద్ద హ్యాండిల్ మిషన్ దాక. దీని ముచ్చట తర్వాత చెప్తం, మాకు అన్నిటికంటె నచ్చింది ఇదే గనుక.

రసం ఎంత వచ్చిందో అందరు అడుగుతరు. కిలో బత్తాయికి ఏ మిషన్‌తోనైనా అర లీటరు లోపే వచ్చింది. క్యారెట్‌కు మెల్లగ తిరిగేది కొంచెం ఎక్కువ ఇచ్చింది. బత్తాయికైతే పెద్ద తేడా కనబడలేదు. ఇగ లెక్క వేద్దాం. ఇంట్ల నలుగురికి తలా ఒక గ్లాసు అంటే దాదాపు రెండు కిలోల బత్తాయిలు. నెలకు అరవై కిలోలు. కిలో అరవై రూపాయలనుకున్నా మూడు వేల ఆరు వందలు. నాలుగు నెలలకు మిషన్ ధర దాటిపోతది. మిషన్‌కు కిస్తు కట్టేటప్పుడు ఈ లెక్క మనలో ఒక్కరం కూడ వెయ్యలేదు. మిషన్లు సెల్ఫు ఎక్కింది చెడిపోయి కాదు, పండ్లు కొనలేక. ఇంకో కారణం కడుగుడు.

కడుగుడు గురించి దుకాణంల ఎవ్వరు చెప్పరు. మెల్లగ తిరిగేదానికి ఐదారు ముక్కలు విడగొట్టి, జాలిని బ్రష్‌తోని రుద్ది, ఆరబెట్టాలె. అప్పుడే కడగకపోతే జాలి కండ్లల్ల పిప్పి ఎండి మూసుకుంటది, తర్వాత రసం రాదు, మిషన్ చెడిందంటరు. మేం గడియారం పెట్టి చూస్తే పది పదిహేను నిమిషాలు పట్టింది. బీడీలు చుట్టే అక్కలకు ఒక కట్ట పోయినట్టే. ఇంట్ల ఆ కడిగే మనిషి ఎవరు? ఈ ప్రశ్న మిషన్ కొనక ముందే మొగోళ్ల ముందట, పిల్లల ముందట అడగాలె.

ఇప్పుడు పండ్ల సంగతి. అన్ని పండ్లకు రసం మిషన్ పనికిరాదు. మన జగిత్యాల మామిడికి పేరున్న జాగ. చల్‌గల్ మార్కెట్‌ల ఎండకాలం లారీలు ఎట్ల నిలబడతయో చూసిన్రు గదా. ఆ మామిడిని జ్యూసర్‌ల వేస్తే గుజ్జు జాలికి అతుక్కొని మర ఆగుతది. మామిడి, బొప్పాయి, సపోట, అరటి — వీటికి మిక్సీ జారే సరైనది. మామిడికైతే అది కూడ అవసరం లేదు, పిసికి ముచ్చెక తీసి తాగుతం.

చెరకు వేయొచ్చా అని మెట్‌పల్లి దిక్కు సభ్యులు అడిగిన్రు. వద్దు. చెరకుకు ఉక్కు రోలర్ల మిషనే కావాలె, ఇంటి జ్యూసర్‌ల వేస్తే మర విరుగుతది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డంక మన దగ్గర చెరకు తోటలే తగ్గినయి, అయినా రోడ్డు మీద రసం బండ్లు తగ్గలేదు. ఆ రసం గురించి హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024ల చెప్పిన మాట వినుండ్రి. వంద మిల్లీలీటర్ల చెరకు రసంల 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటది. పెద్దోళ్లు రోజు మొత్తంల తీసుకునే చక్కెర 30 గ్రాములు దాటొద్దు, 7 నుంచి 10 ఏండ్ల పిల్లలకు 24 దాటొద్దు. అంటే రెండు వందల మిల్లీలీటర్ల గ్లాసు ఒక్కటి తాగితే దినం కోటా అయిపోయినట్టే, చాయిల చక్కెర ఇంక లెక్కనే పెట్టలేదు.

ఇంట్ల తీసిన పండ్ల రసం అంత కాకపోయినా అదే దారి. ఒక గ్లాసుకు మూడు నాలుగు బత్తాయిలు పడతయి. ఒలుచుకొని తింటే ఒకటో రెండో తింటం, కడుపు నిండుతది. రసమైతే నాలుగు పండ్ల తీపి ఒక్క గుక్కల లోపలికి పోతది, మేలు చేసే పీచు మాత్రం పిప్పి గిన్నెల మిగులుతది. ఆ పిప్పి బర్రెకు పెడతం. బర్రె ఆరోగ్యంగ ఉంటది. అందుకనే ఆ సంస్థ కూడ రసం కంటె పండు తినుడే మేలంటది. ఏడాది నిండని పిల్లలకు అసలు రసమే వద్దని పిల్లల డాక్టర్లు చెప్తరు.

షుగర్ ఉన్నోళ్లు పండు రసం రోజూ తాగుడు మంచిది కాదు. కాకర రసం తాగాలనుకుంటే తాగుండ్రి, గోలీలు మాత్రం డాక్టర్‌ను అడగకుండ ఆపొద్దు, తగ్గించొద్దు. గోలీల మీద కాకర రసం ఎక్కువ తాగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం కూడ ఉన్నది. కిడ్నీలు దెబ్బతిన్నోళ్లకు బత్తాయి రసం, కొబ్బరి నీళ్లు కూడ ముప్పు కావొచ్చు, వాటిల్ల పొటాషియం ఉంటది. వాళ్లు డాక్టర్ మాట లేకుండ రసాల జోలికి పోవద్దు. బీట్‌రూట్ రసం తాగినంక మూత్రం ఎర్రగ వస్తే మాత్రం భయపడకుండ్రి. మాలో ఒకామె రాత్రికి రాత్రి ఆటో మాట్లాడుకొని దవాఖానకు బయలెల్లింది. ఇప్పుడు నవ్వుతున్నది గాని అప్పుడు ఏడ్చింది.

ఇంకొకటి, ఇది నవ్వే ముచ్చట కాదు. సొరకాయ రసం. మన దిక్కు ఆనిగెపుకాయ అంటం. పచ్చిది రసం తీసి తాగితే మంచిదని చాన మంది తాగుతున్నరు. 2010ల ఢిల్లీల ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయిండు. ఆ తర్వాత ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ వేసి, చేదుగ ఉన్న సొరకాయ రసం తాగొద్దని చెప్పింది. కాయల ఒక చేదు పదార్థం పెరిగితే అది విషం. మిషన్‌ల వేసే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడుండ్రి. చేదుంటే కాయ మొత్తం పారెయ్యాలె, ‘పైసలు పెట్టి కొన్నం గదా’ అని తాగొద్దు.

రోగాలు పోతయని చెప్పి అమ్ముడు గురించి ఒక మాట. షుగర్ లాంటి రోగాలు నయం చేస్తమని ప్రచారం చేసుడు తప్పని 1954 నుంచే చట్టం ఉన్నది. మిషన్ మోటరు గురించి ఎంతసేపైనా వినుండ్రి. రోగాల ముచ్చట మొదలుపెట్టంగనే లేచి రండి.

ఇప్పుడు చేతి పిండేదాని ముచ్చట. మన రాష్ట్రంల ఆడోళ్లల్ల సగానికంటె ఎక్కువ మందికి రక్తం తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలు చెప్తున్నయి. ఈ షామియానా కిందనే లెక్క తీసినా తేడా ఉండదేమో. మనం తినే పప్పుల, ఆకుకూరల ఐరన్ ఉన్నది, కాని అది ఒంటికి పట్టాలంటె అదే బువ్వతోని పులుపు పండు ఏదన్న పోవాలె. నిమ్మకాయ పిండుకున్నా చాలు, ఒక జాంపండు తిన్నా చాలు. జాంపండుల విటమిన్ సి బత్తాయి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ, మిషన్ అవసరమే లేదు. నిమ్మ పిండే చిమటా వంద, రెండు వందలకు వస్తది. పద్నాలుగు వేల మిషన్ చెయ్యలేని పని అది చేస్తది. తిన్నంక వెంటనే చాయి తాగుడు మాత్రం ఆపాలె, లేకుంటే ఆ ఐరన్ పట్టదు. తిన్నంక గంట ఆగి తాగుండ్రి. ఈ మాట మా ఇండ్లల్ల మేమే ఇంక సరిగ పాటిస్తలేం, ఒప్పుకుంటున్నం.

అంటే ఖరీదైన మిషన్ ఎవ్వరు కొనొద్దా? అట్ల అనం. సిరిసిల్లల ఒక చెల్లె కొన్నది, ఇప్పటికీ దినం తప్పి దినం వాడుతున్నది. ఆమె పెరట్ల రెండు దానిమ్మ చెట్లు, ఒక ఉసిరి ఉన్నయి. అత్తకు పండ్లు లేవు, నమలలేదు, షుగర్ లేదు. అన్నిటికంటె ముఖ్యం, మిషన్ కడిగేది ఆమె కొడుకు. ఇంటర్ సదువుతున్నడు. అటువంటి ఇంటికి ఆ మిషన్ తగిన సామానే. గట్టి కూరగాయల రసం ఎప్పుడో ఒకసారి కావాలనుకునే ఇంటికి నాలుగైదు వేలల్ల జ్యూసరు, మిక్సీ కలిసి వచ్చేది సాలు. మిగతా మనందరికి ఉన్న మిక్సీకి ఒక జాలి జారు, నిమ్మ చిమటా. మా అభిప్రాయం ఇది.

కొనేటోళ్లు దుకాణంల నిలబడి అడగాల్సినవి కొన్ని ఉన్నయి. మిషన్ మీద ఐఎస్ఐ గుర్తు ఉన్నదా. గ్యారంటీ మోటరుకేనా, జాలికి, మరకు కూడ ఉన్నదా. అన్నిటికంటె ముందు విరిగేది జాలి, అది విడిగ ఇక్కడనే దొరుకుతదా, లేక కరీంనగర్, హైదరాబాద్ పోవాలెనా. పండు వేసే నోరు ఎంత పెద్దగున్నది, చిన్నగుంటే కోసుడే ఒక పూట. ముక్కలన్ని విడగొట్టి మళ్ల బిగించి చూపించమనాలె, తర్వాత మన చేతులతోని మనం బిగియ్యాలె. దుకాణమాయన బిగించినంత అలకగ మనకు రాదు. చివరికి దుకాణం పేరు, జీఎస్టీ నంబరు, తేదీ ఉన్న బిల్లు. మన బల్ల దగ్గర ఇచ్చింది చేతి రాత చిట్టి, దాని మీద ఫోన్ నంబరు కూడ లేదు. రెండు మిషన్ల మర్లు విరిగితే ఎవరికి చెప్పాలో తెల్వక ఆఫీసుల మూలకు పెట్టినం.

బిల్లుంటే దారి ఉన్నది. 1915 నంబరుకు ఫోన్ చేస్తే వినియోగదారుల ఫిర్యాదు తీసుకుంటరు. 2019 చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడ లేదు. వకీలు లేకుండ మనమే మాట్లాడుకోవచ్చు.

వాడుకం గురించి నాలుగు ముక్కలు. ప్లగ్గు పీకినంకనే లోపల చెయ్యి పెట్టాలె, స్విచ్ బంద్ చేసుడు సాలదు. పండు నొక్కడానికి ఇచ్చిన కర్రనే వాడాలె, గంటె కాదు, వేలు కాదు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న బోర్డు ఉండాలె, తడి చేతులతోని ముట్టొద్దు. ఎంతసేపు ఆగకుండ తిప్పొచ్చో మిషన్ అడుగున కాగితం మీద రాసి ఉంటది. బీడీ పని నుంచి లేచి వస్తే ముందు సబ్బుతోని చేతులు కడుక్కోవాలె, తంబాకు దుమ్ము రసంల కలుస్తది.

జ్యూస్ దుకాణం పెట్టుకుంటం, అప్పు ఇయ్యుండ్రి అని ఇద్దరు సభ్యులు దరఖాస్తు పెట్టిన్రు. అది వేరే లెక్క, ఆదాయం వచ్చే పని, తప్పకుండ చూస్తం. కాని ఇంటి మిషన్‌తోని దుకాణం నడవదు, గ్యారంటీ కూడ దుకాణం వాడకానికి వర్తించదని కాగితంల రాసి ఉంటది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, మంచి నీళ్లు, మంచి ఐసు, వీటి లెక్కతోని రమ్మని చెప్పినం.

ఇంటి మిషన్లకు అప్పు విషయంల కార్యవర్గం ఒక తీర్మానం రాసింది, భోజనాలైనంక చదువుతం, మీరు ఒప్పుకుంటేనే అమలు. సమాఖ్య పెద్ద అప్పు నుంచి ఇంటి సామానుకు ఇయ్యొద్దు. సంఘం సొంత పొదుపు నుంచి ఇయ్యొచ్చు, అదీ ఒక నెల మిక్సీతోనో చిమటాతోనో ఇంట్ల రసం తాగి చూసినంకనే. మీటింగుల కాడ అమ్మకపు బల్లలు ఇగ పెట్టనియ్యం. కోరుట్ల అక్క సంఘం కట్టిన నాలుగు కిస్తులు మా కార్యవర్గం సభ్యులం తలా కొంత వేసుకొని తిరిగి ఇస్తం, సమాఖ్య పైసల నుంచి కాదు. ఆ ఫారం మీద సంతకాలు మావి.

మూడు మిషన్లు ఆఫీసుల బల్ల మీద ఉంటయి, పొదుపు జమ చేసే రోజుల్ల ఎవరైనా వచ్చి చూడొచ్చు. పండ్లు మీరే తెచ్చుకోండి. తీసిన రసం మీరే తాగుండ్రి, మిషన్ కూడ మీరే కడిగి పొండి. చిన్న మిషన్ జాలి ఒక దిక్కు చినిగింది, కొత్తది వచ్చే దాక దాన్ని ముట్టొద్దు.